క్లిప్పుల గుమాస్తా

జూలై 5

పెద్దమ్మాయికి,

అమ్మ రాసేది. మీరు క్షేమంగా చేరారని టైలరమ్మ మేడ మెట్ల మీద నుంచే అరిచి చెప్పింది. నువ్వు ఆవిడ ఫోనుకి చేశావట. నా ఫోను ఒక ఖాళీ డబ్బాలో పెట్టి మూత బిగించాను. అది మోగితే ముందు చిన్నోడే అనుకుంటున్నాను, ఆ తర్వాత కాదని గుర్తొస్తోంది. రోజుకి అన్నిసార్లు ఎందుకు? కాగితంతో ఆ బాధ లేదు. నా రాత కోడి కెలికినట్టుందని నవ్వకు, మూడో తరగతి చదువుకి ఇదే ఎక్కువ.

ఇక్కడ అంతా మామూలే. కుళాయి కారడం ఆగలేదు, కింద చెంబు పెట్టాను. నిన్న రంగుల మేస్త్రీ వచ్చాడు. మీ తమ్ముడి బ్రష్షులు, అన్నం డబ్బా తెచ్చిచ్చాడు. డబ్బా కడిగే ఉంది. వాడే తిని కడిగాడో, వీళ్ళెవరైనా కడిగారో అడగలేదు. "వాడు ఎక్కకముందే పరంజా నేనే చూసుకోవాల్సిందమ్మా, కట్టు వదులుగా ఉందని వాడే చెప్పాడు నాకు" అని మొదలుపెట్టాడు. మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు. అలాగే పెట్టేసి వెళ్ళాడు. ఆ నీళ్ళు మొక్కకి పోశాను.

నువ్వు వెళ్ళే రోజు పొద్దున బట్టలన్నీ ఉతికి ఆరేసి వెళ్ళావు. ఆరినవి లోపలికి వచ్చాయి. మంచి పనే. కానీ చిన్నోడి చొక్కా సంగతి నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. సరే, అయిపోయింది.

అల్లుడుగారి నడుం నొప్పి తగ్గిందా? ఆయన ఇక్కడ చాలా కష్టపడ్డారని టైలరమ్మ చెప్పింది. నేను ఏమీ చూడలేదు ఆ రోజుల్లో.

ఉంటాను,
అమ్మ

*

జూలై 13

అమ్మకి,

నీ ఉత్తరం అందింది. మీ అల్లుడు కవరు చూసి, "అత్తయ్యగారి అక్షరాలు నిటారుగా నిలబడి ఉన్నాయి, నీవేమో నిద్రపోతుంటాయి" అన్నారు. నడుం నొప్పి తగ్గింది. నేను మందుల షాపుకి మళ్ళీ వెళ్తున్నాను. ఎవరో దగ్గు మందు అడిగితే కంటి చుక్కలు ఇచ్చాను, ఓనరు చూసి పక్కన కుర్చీ వేశాడు.

నిన్న గురువారం కాకపోయినా బట్టలు వేశాను. మెషిన్లో ఉతికి, మెషిన్లోనే ఆరబెట్టడం. బయట ఆరేస్తే మా బిల్డింగు వాళ్ళు తలుపుకి నోటీసు అంటిస్తారు. వేడివేడిగా బయటికొస్తాయి బట్టలు, ఏ వాసనా ఉండదు. వాటిని మడతపెడుతూ మన దండెం గుర్తు చేసుకున్నాను.

గురువారమే ఎందుకు ఉతికేదానివో నాకు చాలా రోజులు తెలియదు. ఫ్యాక్టరీకి ఆ రోజు సెలవని, పొగగొట్టం నుంచి మసి పడదని నువ్వు చెప్తే తెలిసింది. పొద్దున్నే లేవగానే నేను ఆకాశం వంక చూసేదాన్ని. పొగ లేదంటే ఆ రోజు మన పండగ. నువ్వు బండ మీద ఉతికి పిండి ఇస్తే నేను దులిపి దండెం మీద వేసేదాన్ని. వాడు క్లిప్పుల సంచి మెడలో తగిలించుకుని నా వెనకే. పాత దిండు గలీబుతో నువ్వు కుట్టిన సంచి, వాడి మోకాళ్ళ దాకా వేలాడేది. నువ్వు లోపలి నుంచి కేకేసేదానివి, "గుమాస్తా, రెండు!" అని. వాడు సంచిలో చెయ్యి పెట్టి, "స్టాకు లేదమ్మగారూ, రేపు రండి!" అనేవాడు. ప్రతి వారం అదే జోకు. ప్రతి వారం నువ్వు అంతే నవ్వేదానివి. నాకు ఒళ్ళు మండేది, నేను ఎంత మంచి జోకు వేసినా నువ్వు అలా నవ్వలేదని.

క్లిప్పులు చాలక నువ్వు మా ఇద్దరి బట్టల అంచులూ కలిపి ఒకే క్లిప్పు పెట్టేదానివి. "బట్టలైనా కొట్టుకోకుండా ఉంటాయి" అనేదానివి.

సాసరు గుర్తుందా? వాడు పగలగొట్టి ముక్కలు తీసుకెళ్ళి ఆ సంచిలో పెట్టాడు. గురువారం నువ్వు చెయ్యి పెట్టావు, చూశావు, ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేనూ నేర్చుకున్నాను. నీకు మొహం మీద చెప్పలేనిదేదైనా అందులో వేసేవాళ్ళం. చిరిగిన పుస్తకం, చెయ్యి విరిగిన బొమ్మ. నాన్న పోయిన ఏడాది వాడు నీకోసం కొన్న దువ్వెన కూడా అందులోనే పెట్టాడు, ఇవ్వడానికి సిగ్గేసి. నీ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ దాని అడుగు దాకా వెళ్ళదు కదా.

చొక్కా సంగతి అడగలేదన్నావు. అడగడానికి నాకు నోరు రాలేదమ్మా. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నాకు తోచినట్టు చేశాను. చూసుకున్నాక నీకు నచ్చుతుందనే అనుకున్నాను.

వచ్చే నెల రెండో వారంలో నేనొక్కదాన్నే వస్తాను.

పెద్దమ్మాయి

*

జూలై 20

పెద్దమ్మాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెద్దది రాశావు. సాసరు గుర్తుంది. ఆ సాసరు జోడీ కప్పు మొన్నటిదాకా ఉంది, వాడు బ్రష్షులు నానబెట్టుకునేవాడు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. పెద్దవి కావు, వచ్చిపోయేవి. కుళాయి బాగుచేసేవాడు వచ్చి "వాషరు పోయింది" అన్నాడు. వాషరు తెస్తానని వెళ్ళాడు. వాషరుతో పాటు వాడూ పోయాడు.

చూసుకున్నాక నచ్చుతుందనుకున్నావా? చూసుకోక ఏం చేస్తాను, వంటింటి కిటికీ ఎదురుగానే కదా దండెం. పొద్దున లేచి పొయ్యి వెలిగిస్తే ముందు కనిపించేది అదే. వాడి బూడిదరంగు చొక్కా. తీయలేదు నేను. వానొస్తే తడుస్తోంది, ఎండొస్తే ఆరుతోంది. ఉండనీ. ఇంక దానికి పోయేదేముంది?

టైలరమ్మ ఊరుకోవడం లేదు. "అక్కా, ఆ చొక్కా తీయవేమే, పిట్టలు గూడు కట్టేలా ఉన్నాయి" అంది. "కట్టనీ, అద్దె అడగనులే" అన్నాను. "నీ మొండితనం వానలో నానినా మెత్తబడదు" అని లోపలికి పోయి మిషను తొక్కుకుంది. పాపం మంచిదే. ఆవిడకేం తెలుసు?

నువ్వు నా మంచికే చేశావు. అది నాకు తెలుసు. ఇల్లు సర్దాలి, మాసినవి కనిపించకూడదు, అమ్మ చూసి ఏడుస్తుంది, ఇదే కదా నువ్వు అనుకుంది? కానీ అది నా పని. చెయ్యాలో మానాలో నేను చెప్పాలి. వాడి బట్టలు వాడు పుట్టినప్పటి నుంచి నేనే ఉతికాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంటున్నాను.

వచ్చే నెల వస్తానన్నావు. తొందరేం లేదు. నీ ఉద్యోగం చూసుకో.

అమ్మ

*

జూలై 29

అమ్మకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. మీ అల్లుడు "ఏం రాశారు అత్తయ్యగారు?" అంటే "కుళాయి సంగతి" అన్నాను.

వానలో వేశావా? నేను నమ్మలేకపోతున్నాను. దాన్ని తీసుకెళ్ళి దండెం మీద వేసి వానకి వదిలేశావా? ఇంక దానికి పోయేదేముంది అని రాశావు. ఇప్పుడు ఏమీ లేదులే, నిజమే. వాన పడ్డాక ఏముంటుంది?

నీకు అక్కర్లేకపోతే నాకు ఒక్క ముక్క రాయాల్సింది. నేను తీసుకునేదాన్ని. నీకు తెలుసో లేదో, ఆ రోజు దాన్ని నా పెట్టెలో పెట్టుకున్నాను ముందు. నా బట్టల మధ్యలో, అడుగున. పెట్టె మూసి తాళం కూడా వేశాను. తర్వాత మళ్ళీ తెరిచి తీశాను. నాకు తమ్ముడు, నీకు కొడుకు. నీ దగ్గరే ఉండటం న్యాయం అనుకున్నాను. దానికి నువ్వు "నా పని, నేను చెప్పాలి" అంటున్నావు. నీ పని అనే కదా నీకు వదిలిపెట్టి వచ్చింది!

చిన్నప్పుడు కూడా ఇంతే. నేను ఎంత జాగ్రత్తగా దులిపి ఆరేసినా నువ్వు వచ్చి మళ్ళీ ఒకసారి సర్దేదానివి. వాడు క్లిప్పు వంకరగా పెడితే మాత్రం "నా గుమాస్తా" అని ముద్దు పెట్టుకునేదానివి. వాడి మీద కోపం లేదు నాకు. వాడు క్లిప్పులు నోట్లో పెట్టుకుని నీలాగే మాట్లాడుతుంటే నేనూ నవ్వేదాన్ని. కానీ నా మీద ఎందుకమ్మా ఎప్పుడూ?

రావద్దంటే రానులే.

పెద్దమ్మాయి

*

ఆగస్టు 4

పెద్దమ్మాయికి,

రావద్దని నేను రాయలేదు. తొందరేం లేదు అని రాశాను. రెంటికీ తేడా ఉంది.

నీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. ఉతికి ఆరేసిపోయింది నువ్వు. వానలో వేశావంటావేంటి నన్ను? నువ్వు ఎక్కడ వేశావో అక్కడే ఉంది అది, నేను చెయ్యి కూడా పెట్టలేదు. పెట్టెలో పెట్టుకుని తీశానంటావు. తీసి బకెట్లో వేసే బదులు ఆ పెట్టెలోనే ఉంచుకుని ఉంటే నేను సంతోషించేదాన్ని. ఉతకకుండా నీ దగ్గరుంటే, మీ ఇంటికొచ్చినప్పుడైనా ఒకసారి చూసేదాన్ని.

ఇన్నాళ్ళూ చెప్పుకోవడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తాను. వాడు ఆఖరిసారి పనికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం విడిచిన చొక్కా అది. విడిచి, బాలు విసిరినట్టు దూరం నుంచి బుట్టలోకి విసిరాడు. "పడింది చూశావా అమ్మా!" అన్నాడు. "పడితే పడింది కానీ జేబులో ఏముందో చూసి వెయ్యరా, పోయినసారి పెన్సిలు ఉతికాను" అన్నాను. అదీ మాట. అంతకంటే పెద్ద మాటేం లేదు మా మధ్య. పొద్దున నేను కుళాయి దగ్గరుంటే వాడు వెళ్ళిపోయాడు. మేస్త్రీ ఇచ్చిన ఆ చొక్కాలు మూడూ ఒకే తానులోవి. ఒకటి వాడితోనే పోయింది. ఒకటి బీరువాలో ఉంది, అది ఉతికింది, దానికి సబ్బు వాసన తప్ప ఏముంటుంది? ఇదొక్కటే మిగిలింది. రంగు వాసన, టర్పెంటాయిలు వాసన, వాడి వాసన. నేను లోపల గోడవైపు తిరిగి పడుకున్నానే కానీ, బుట్టలో అది ఉందని తెలుసు. దాని మూత తీయలేదు. తీస్తే గాలికి పోతుందని. ఎప్పుడో ఒకరోజు, బాగా అవసరమైన రోజు తీద్దాం అనుకున్నాను. మీరు వెళ్ళాక లేచి వంటింట్లోకి వస్తే కిటికీలో నుంచి కనిపించింది, శుభ్రంగా ఉతికి, గాలికి చేతులు ఊపుతూ. బుట్ట చూస్తే ఖాళీ.

అప్పటి నుంచి నేను బట్టలు ఉతకలేదు. గురువారాలు వచ్చిపోతున్నాయి. మీ నాన్న పోయినప్పుడు కూడా మానలేదు నేను, దుప్పట్లు ఉతికాను ఆ వారం. ఇప్పుడు సబ్బు ముట్టుకోబుద్ధి కావడం లేదు. నా రెండు గుడ్డలూ టైలరమ్మే తీసుకెళ్ళి ఉతుకుతోంది. ఆ రోజు ఆరినవి తీసి మడతపెట్టింది కూడా ఆవిడే, ఆ చొక్కా మాత్రం తీయొద్దన్నాను. క్లిప్పులు దండెం మీదే ఉన్నాయి. సంచి బాత్రూం తలుపు వెనక నువ్వు తగిలించినట్టే ఉంది. దాని జోలికి పోలేదు.

నీ మీద ఎప్పుడూ ఎందుకని అడిగావు. నువ్వు బాగా ఆరేసేదానివి. బాగా చేసేవాళ్ళనే ఇంకాస్త సర్దుతాం. వాడు చేసింది సర్దినా ప్రయోజనం ఉండేది కాదు.

అమ్మ

*

ఆగస్టు 9

అమ్మా,

ఇప్పుడే నీ ఉత్తరం చదివాను. షాపులో నిలబడే రాస్తున్నాను, రాత బాగోదు.

నేను దాన్ని ఉతకలేదు. బుట్ట అడుగున చూడగానే తెలిసింది నాకు. కాలరు దగ్గర పట్టుకుంటే వాడు పక్కన నిలబడ్డట్టు ఉంది. దాన్ని ఎవరు ఉతుకుతారమ్మా?

దండెం మీద ఉన్నది మీ అల్లుడు వేసుకున్నది. చుట్టాలు వచ్చే రోజు నీళ్ళ ట్యాంకులో మట్టి పేరుకుందని ఆయన లోపలికి దిగి కడిగారు. ఆయన తెచ్చుకున్న బట్టలు చాలక బీరువాలో చొక్కా తీసిచ్చాను. ఒళ్ళంతా మట్టయింది. వాడి చొక్కా పాడుచేశానే అని ఆయన బాధపడితే, ఉతికి పెడతాలెండి అన్నాను. అదే ఉతికి ఆరేశాను. బీరువా తెరిచి చూడు, ఆ చొక్కా అందులో ఉండదు. నువ్వు దండెం దగ్గరికి ఒక్కసారి వెళ్ళి చూసినా తెలిసేది, ఆ చొక్కా కింద గుండీ నల్లది, నువ్వే కుట్టావు.

వాడిది సంచిలో ఉంది. క్లిప్పుల సంచిలో, అడుగున. బట్టలన్నీ ఆరేశాక సంచిలో పాత క్లిప్పులు నాలుగే మిగిలాయి, మడతపెట్టి వాటి కింద పెట్టాను. నీ చేతికి ఇవ్వలేకపోయాను. నువ్వు సాయంత్రం బట్టలు తీసి క్లిప్పులు లోపల వేసేటప్పుడు నీ చేతికి తగులుతుందనుకున్నాను. ఆ రోజు కాకపోతే వచ్చే గురువారం. నువ్వు గురువారం మానేస్తావని నాకెలా తోస్తుంది? ఎప్పుడు మానేశావు గనక?

నువ్వు దొరికించుకుని కూడా ఒక్క మాట రాయలేదనుకున్నాను. తర్వాత వానలో పడేశావనుకున్నాను. ఎన్ని అనుకున్నానో.

నీ ఫోనుకి చేశాను, డబ్బాలో మోగినట్టుంది. టైలరమ్మకి చేసి చెప్పిద్దామని నంబరు నొక్కి కట్ చేశాను. నీకంటే ముందు ఇంకో చెయ్యి అందులో పడకూడదనిపించింది. అందుకే ఉత్తరం.

వెళ్ళి చూడు. చూశాక రాయి. ఏమీ రాయాలనిపించకపోతే కుళాయి సంగతి రాయి.

పెద్దమ్మాయి

*

ఆగస్టు 14, గురువారం

పెద్దమ్మాయికి,

నీ ఉత్తరం మంగళవారమే అందింది. గురువారం దాకా ఆగాను. అక్కడే ఉందని తెలిశాక తొందరేముంది? ఆ సంచిలో చెయ్యి పెట్టే రోజు గురువారం కదా. ఈ రెండు రోజులూ బాత్రూంలోకి వెళ్ళినప్పుడల్లా తలుపు వెనక్కి చూసి, "ఉండు" అని వచ్చేశాను.

నిన్న రాత్రి దుప్పట్లు నానబెట్టాను. పొద్దున లేచి ఆకాశం చూశాను. ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్ళయిందో, అయినా పొగగొట్టం వైపే చూస్తాను. ఎండ బాగుంది. ముందు దండెం దగ్గరికి వెళ్ళాను. కింద గుండీ నల్లదే. ఇన్నాళ్ళు కిటికీలో నుంచి చూసి ఏడ్చింది అల్లుడుగారి మట్టికి. టైలరమ్మకి చెప్తే నవ్వాలో వద్దో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నవ్వవే, ఫర్వాలేదు" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఆవిడకెప్పుడూ తిరకాసే.

దుప్పట్లు ఉతికాను. చేతులు మర్చిపోలేదు, నడుం మర్చిపోయింది. పిండి బకెట్లో వేసుకుని, తలుపు వెనక నుంచి సంచి తీసి భుజానికి తగిలించుకుని బయటికి వచ్చాను. చెయ్యి పెట్టాను. పైన నాలుగు పాత చెక్క క్లిప్పులు మిగిలాయి, వాడు కొరికినవి. పంటి గాట్లు వేలికి తగులుతాయి. వాటి కింద ఉంది.

బయటికి తీయలేదు. చెయ్యి అక్కడే ఉంచి నిలబడ్డాను. తర్వాత సంచి మూతి తెరిచి మొహం దగ్గర పెట్టుకున్నాను. ఉంది. తగ్గింది కానీ ఉంది. టర్పెంటాయిలు ముందు వస్తోంది, వాడు వెనక వస్తున్నాడు. చెక్క వాసన కూడా కలిసింది కొంచెం. జేబులో ఏదో గట్టిగా తగిలింది. పెన్సిలే. చెప్పినా వినలేదు చూడు.

దాన్ని బీరువాలో పెట్టనా, పెట్టెలో పెట్టనా, నీకు సగం చింపి పంపనా అని చాలా ఆలోచించాను. ఎక్కడా పెట్టలేదు. సంచి అడుగునే ఉంచాను. క్లిప్పులు దాని మీద వేసుకుంటాను. ప్రతి గురువారం రెండు కావాలన్నప్పుడల్లా చెయ్యి పెడతాను, తగులుతుంది. బుట్టలో మూతేసి దాచినప్పుడు నాకు రోజూ భయమే, ఎప్పుడు తీయాలా అని. ఇదే నయం. వాసన ఏదో ఒకరోజు పోతుంది, నాకు తెలుసు. ఉతికే చేతుల్లో పోతుంది కదా, పోనీ.

దుప్పటి వేసి, సంచి పట్టుకుని "గుమాస్తా, రెండు" అన్నాను. మేడ మీద నుంచి టైలరమ్మ "ఎవరితోనే అక్కా?" అంది. "నీతో కాదులే" అన్నాను.

నువ్వు వస్తానన్న వారం వచ్చేసింది, రాలేదు. బయల్దేరు. గురువారానికి ఉండేలా రా. నేను పిండి ఇస్తాను, నువ్వు దులిపి వేద్దువు గాని. సర్దనులే. సర్దినా ఏమీ అనుకోకు. సంచి నీ మెడలో వేస్తాను, నువ్వూ చెయ్యి పెట్టి చూసుకుందువు.

కుళాయి వాడు వాషరు వేశాడు. కారడం లేదు.

అల్లుడుగారికి చెప్పు, చొక్కా ఆరింది, తీసి మడతపెట్టాను, వచ్చినప్పుడు ఆయన్నే వేసుకోమను. కాలరు లోపల మట్టి మాత్రం అలాగే ఉంది, అన్ని వానలు పడ్డా పోలేదు. నీకు ఇంకా కాలరు రుద్దడం రాలేదు. వచ్చాక చూపిస్తాను.

అమ్మ